కుందేలు మూల: కరువుసీమలో వాసన లేని ఇల్లు

కుందేలు స్వతహాగా దుర్వాసన గల జంతువు కాదు. పిల్లి మాదిరిగా రోజులో చాలాసేపు తన ఒంటిని తానే నాకి శుభ్రం చేసుకుంటుంది, అది వేసే గట్టి పెంటికలు కూడా చాలావరకు జీర్ణం కాని గడ్డి పీచే కావడంతో గొర్రె పెంటికల్లాగే ఎండిపోయి చీపురుతో ఊడిస్తే పోతాయి. ముక్కును కుట్టే ఘాటు వచ్చేది మూత్రం నుంచి. అందులోని యూరియాను నేలమీది సూక్ష్మజీవులు విడగొట్టినప్పుడు అమ్మోనియా అనే వాయువు పుడుతుంది, ఆ పనికి వాటికి తడి కావాలి. కనుక ఏడాదికి సగటున దాదాపు 550 మిల్లీమీటర్ల వానే కురిసే అనంతపురం పీఠభూమిలో, రైతును ఏడిపించే ఆ పొడి గాలే కుందేలున్న ఇంటికి అక్కరకు వస్తుంది. బిందెడు నీళ్లు గుమ్మరించి కడిగి, ఆరబెట్టకుండా వదిలేసిన మూల సాయంత్రానికి మళ్లీ ఘాటెక్కుతుంది.

కుందేలు తనంతట తానే ఒక మూలను ఎంచుకుని అక్కడే మూత్రం పోస్తుంది కాబట్టి, మలమూత్రాలు పట్టే తొట్టిని మనకు నచ్చిన చోట కాక ఆ మూలనే పెట్టి, గడ్డిని తొట్టి అంచున ఉంచాలి. మేస్తూనే విసర్జించడం దాని అలవాటు. తొట్టిలో పరచడానికి ఈ సీమలో వెతుక్కోవలసిన పని లేదు, వేరుశనగ బుడ్డలు ఒలిచిన పొట్టు తడిని బాగా పీల్చుకుంటుంది. అయితే బూజు పట్టిన పొట్టును మాత్రం దగ్గరికి రానీయకూడదు. కాయ ఊరే దశలో బెట్ట తగిలిన వేరుశనగలో అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం చేరే ప్రమాదం ఎక్కువ, కుందేళ్లు ఆ విషానికి చాలా సులభంగా లొంగిపోతాయి. తడిసిన పొట్టును రోజూ తీసేసి, వారానికొకసారి తొట్టిని ఖాళీ చేసి ఎర్రటి ఎండలో బోర్లించడం మంచిది.

తొట్టి అడుగున సున్నపు పూత వంటి తెల్లని పొర కనిపిస్తే భయపడనక్కర లేదు. తిండిలోని కాల్షియంలో ఎక్కువైనదాన్ని కుందేలు మూత్రం ద్వారానే బయటికి పంపుతుంది, అందుకే అది చిక్కగా, మసకగా ఉండి ఎండాక పొర కడుతుంది. బోరు నీళ్లు కాచిన గిన్నెకు పట్టే పొర కూడా దాదాపు ఇటువంటిదే. గిన్నెకు మందైన చింతపండు పులుసే తొట్టికీ మందు: ఆ పులుపు పొరను కరిగించి, అమ్మోనియాను గాలిలోకి లేవకుండా పట్టి ఉంచుతుంది. చింతపండు మండీకి పేరుపడ్డ హిందూపురం పక్కనే ఉండగా ఇందుకు ఖరీదైన ద్రావణాలు కొనడం వృథా.

వాసన వచ్చే చోట బూడిదో సున్నమో చల్లడం పాత అలవాటే గాని, ఇక్కడ అది బెడిసికొడుతుంది. రెండూ క్షారాలు, అంటే పులుపుకు వ్యతిరేక గుణం గలవి, కాబట్టి మూత్రంలోని అమ్మోనియాను మరింతగా బయటికి తోస్తాయి. బ్లీచింగ్ పౌడరు మూత్రంతో కలిస్తే ఊపిరితిత్తులకు హాని చేసే వాయువులు వెలువడతాయి. సాంబ్రాణి పొగ, ఫినాయిలు వాసనను కప్పుతాయే తప్ప దాని మూలాన్ని తీయవు, పైగా ముక్కుతోనే ఊపిరి పీల్చే కుందేలుకు అవి బాధాకరం.

మేతలోనూ జాగ్రత్త అవసరం. ఈ సీమలో పశువులకు వేసే వేరుశనగ కట్టెలో కాల్షియం ఎక్కువ గనుక దాన్నే నిత్యం పెట్టకుండా గరిక, ఎండుగడ్డి ప్రధానంగా ఇవ్వాలి. ఈడుకు వచ్చిన మగ కుందేలు తన హద్దును తెలపడానికి గోడలపై మూత్రం చిమ్ముతుంది, కుందేళ్లపై అనుభవమున్న పశువైద్యునితో విత్తులు తీయిస్తే ఆ అలవాటు చాలావరకు తగ్గుతుంది.

ఇంట్లో ఉన్నవారి ముక్కు ఘాటుకు అలవాటు పడిపోతుంది కాబట్టి, బయటినుంచి వచ్చిన వెంటనే తొట్టి ఎత్తుకు వంగి వాసన చూడడం నమ్మదగిన పరీక్ష. ఎండ 40 డిగ్రీలు దాటే ఏప్రిల్, మే నెలల్లో కుందేలు చల్లదనం కోసం కిటికీకి తడి గోనెపట్ట కట్టడం తప్పనిసరి అయినా, ఆ తేమ పొట్టును తాకనంత దూరంలో తొట్టిని ఉంచాలి.