పేదరిక భయం, గర్భవిచ్ఛిత్తి: షరీఅత్ దృక్పథం

వర్షాభావం అనంతపురం పీఠభూమికి అప్పుడప్పుడు వచ్చే ఆపద కాదు, అది ఆ నేల స్వభావం. పడమటి కనుమలు నైరుతి ఋతుపవనాన్ని అడ్డుకుంటాయి. తూర్పు తీరం దూరం కావడంతో ఈశాన్య ఋతుపవనం ఇక్కడికి చేరేసరికి బలహీనపడుతుంది. ఏడాదికి సగటున కురిసేది సుమారు 550 మిల్లీమీటర్ల వర్షం. అదీ సమయానికి కురవదు. వేరుశనగ ఊడలు దిగే వేళ వాన తప్పితే ఆ ఏటి రాబడి పోయినట్లే. అప్పులు, ఎండిన బోరుబావులు, బెంగుళూరుకు వలసలు - ఇవి మతభేదం లేకుండా ఇక్కడి పేద ఇళ్లన్నిటికీ తెలిసిన బాధలు. 2022లో పాత జిల్లాను విభజించి శ్రీ సత్యసాయి జిల్లాను ఏర్పాటు చేశారు. జిల్లాలు రెండయినా కరువు ఒక్కటే.

ఇటువంటి చోట పేద ఇంట మూడో నాలుగో కాన్పు రాబోతున్నదని తెలిస్తే సంతోషం కన్నా ముందు లెక్కలు మొదలవుతాయి. ఉన్నవారికే కూడు లేదు, ఇంకొకరిని ఎలా సాకేది అన్న మాట వినవస్తుంది. కదిరి, హిందూపురం, గుంతకల్లు, తాడిపత్రి వంటి పట్టణాలలోనూ వాటి చుట్టుపట్ల పల్లెలలోనూ ఉన్న ముస్లిం కుటుంబాలకు, ఇంట ఉర్దూ మాట్లాడే వారికైనా తెలుగు మాట్లాడే దూదేకుల వారికైనా, ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే: పేదరికం కారణంగా కడుపు తీయించుకోవడం ధర్మసమ్మతమేనా?

దీనికి "హరామ్" అని ఒక్క మాట చెప్పి పంపేవారున్నారు. "చట్టం ఒప్పుకొన్నది గదా" అని తేల్చివేసేవారూ ఉన్నారు. మొదటివారు షరీఅత్ ఆదేశంలో సగమే చెబుతున్నారు. రెండోవారు చట్టం ఇచ్చే అనుమతినే ధర్మం అనుకొంటున్నారు. కాబట్టి ముందు చట్టాన్ని, తర్వాత షరీఅత్‌ను విడివిడిగా చూడడం అవసరం.

చట్టం చెప్పేది

బ్రిటిషు పాలనలో వచ్చిన భారత శిక్షాస్మృతి గర్భవిచ్ఛిత్తిని నేరంగా పరిగణించింది. తల్లి ప్రాణరక్షణ ఒక్కటే మినహాయింపు. అయితే నేరమన్నంత మాత్రాన అది ఆగలేదు, చాటుకు పోయింది. చదువు, పరికరాలు లేనివారి చేతుల్లో స్త్రీలు ప్రాణాలు పోగొట్టుకొన్నారు. ఈ స్థితిని పరిశీలించడానికి 1964లో శాంతిలాల్ షా అధ్యక్షతన ఒక సంఘాన్ని నియమించారు. 1966లో ఆ సంఘం సమర్పించిన నివేదిక ఆధారంగా 1971లో వైద్య గర్భవిచ్ఛిత్తి చట్టం వచ్చింది. 1972 ఏప్రిల్ 1 నుండి అది అమలులో ఉన్నది.

2021 సవరణ ప్రకారం 20 వారాల వరకు ఒక వైద్యుని అభిప్రాయం చాలు. 20 నుండి 24 వారాల మధ్య, నియమాలలో పేర్కొన్న కొన్ని తరగతుల స్త్రీలకు మాత్రమే, ఇద్దరు వైద్యుల అభిప్రాయంతో అనుమతి ఉన్నది. ఆ తర్వాత పిండంలో తీవ్రమైన లోపమున్నట్లు వైద్య మండలి నిర్ధారిస్తేనే వీలవుతుంది. తల్లి ప్రాణాన్ని కాపాడటానికి తక్షణం అవసరమైతే ఈ గడువులు అడ్డురావు. పేదరికం అన్న మాట చట్టంలోని కారణాలలో లేదు. కాని స్త్రీ ఆరోగ్యానికి కలిగే హానిని అంచనా వేసేటప్పుడు వైద్యుడు ఆమె ఇప్పటి పరిస్థితులను, రాబోయే పరిస్థితులను కూడా లెక్కలోకి తీసుకోవచ్చు. పేదరికం ఈ దారిన లోపలికి వస్తుంది.

రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. చట్టం ఎవరినీ గర్భం తీయించుకొమ్మని ఆదేశించదు, కొన్ని హద్దులలో శిక్ష లేకుండా చేస్తుంది. వయసు వచ్చిన, మతిస్థిమితం గల స్త్రీ విషయంలో చట్టం అడిగేది ఆమె సమ్మతినే. ఆమె ఇష్టానికి విరుద్ధంగా గర్భం తీయించడం, చేయించినవాడు భర్తే అయినా, తీవ్రమైన నేరం.

ఖుర్ఆన్ బోధ

సంతానహత్య గురించి దివ్యఖుర్ఆన్ రెండు చోట్ల దాదాపు ఒకే మాట చెప్పింది. అన్ఆమ్ సూరా 151వ ఆయత్, బనీ ఇస్రాయీల్ సూరా 31వ ఆయత్ రెండూ పేదరికం మూలంగా సంతానాన్ని చంపరాదని ఆదేశించాయి. అయితే రెండింటి కూర్పులో ఒక తేడాను ముఫస్సిర్లు ఎత్తిచూపారు. మొదటి ఆయత్ ఇప్పటికే లేమిలో ఉన్నవారి గురించి మాట్లాడుతున్నది. అందుచేత ముందు తల్లిదండ్రుల ఉపాధిని, తర్వాత పిల్లల ఉపాధిని పేర్కొన్నది. రెండోది లేమి వస్తుందేమో అని భయపడేవారి గురించి. అక్కడ పిల్లల ఉపాధిని ముందు చెప్పి, తల్లిదండ్రులది తర్వాత చెప్పింది. ఉన్న ఆకలి వేరు, రాబోయే ఆకలి భయం వేరు అన్న సంగతి దైవవాక్కు గుర్తించింది. రెండింటికీ అభయం ఇచ్చింది, రెండింటిలోనూ హత్యను నిషేధించింది.

ఈ ఆయత్‌లు నేరుగా చెబుతున్నది పుట్టిన బిడ్డల గురించి. గర్భంలోని బిడ్డకు ఇవి ఎప్పటి నుండి, ఎంతవరకు వర్తిస్తాయన్నది ఫుఖహా చర్చించిన విషయం. మూమినూన్ సూరాలో అల్లాహ్ మానవసృష్టిని దశలు దశలుగా వర్ణించి, చివరికి దానిని మరొక సృష్టిగా తీర్చిదిద్దినట్లు తెలిపాడు. బుఖారీ, ముస్లిం గ్రంథాలలో హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ మస్ఊద్ (రజి) ఉల్లేఖించిన హదీసు ఈ దశలను నలభై నలభై రోజులుగా వివరించి, పిదప దైవదూత వచ్చి ఆత్మను ఊదుతాడని తెలిపింది. 120 రోజుల లెక్కకు ఇదే ఆధారం.

ఇక్కడ పొరపాటుకు తావున్నది. వైద్యులు గర్భాన్ని చివరి బహిష్టు మొదటి రోజు నుండి లెక్కిస్తారు. నిజానికి గర్భం నిలిచేది సుమారు రెండు వారాల తర్వాత. కాబట్టి 120 రోజులంటే వైద్యుని లెక్కలో దాదాపు 19 వారాలు, 40 రోజులంటే దాదాపు 8 వారాలు. చట్టం ఇచ్చిన 24 వారాల గడువు ఆత్మ ఊదబడే సమయాన్ని దాటి పోతున్నది. చట్టసమ్మతమైనదల్లా షరీఅత్ సమ్మతం కాదనడానికి ఇది ఒక నిదర్శనం.

ఫుఖహాల అభిప్రాయాలు

120 రోజుల తర్వాత గర్భవిచ్ఛిత్తి నిషిద్ధమన్న విషయంలో నాలుగు మజహబ్‌ల మధ్య భేదం లేదు. ఆ దశలోనూ తల్లి ప్రాణానికి నిజమైన ముప్పు ఉంటే ఆమెను కాపాడటమే ముందని నేటి ఉలమా చెబుతున్నారు. 1990లో మక్కాలోని ఫిఖహ్ అకాడమీ చేసిన నిర్ణయం కూడా ఇదే. పిండంలో చికిత్సకు లొంగని తీవ్రమైన వైకల్యం ఉన్నట్లు నమ్మకమైన వైద్యుల సంఘం తేల్చి, తల్లిదండ్రులు కోరితే 120 రోజుల లోపు అనుమతించవచ్చునని కూడా అది పేర్కొన్నది.

120 రోజులకు ముందు విషయంలో భేదాలున్నాయి. మాలికీలలో అధికులు మొదటి రోజుల నుండే దీనిని నిషేధించారు. హంబలీలలో కొందరు మొదటి 40 రోజుల వరకు అవకాశమిచ్చారు. ఇమామ్ గజాలీ (మరణం 1111) గర్భనిరోధానికీ గర్భవిచ్ఛిత్తికీ మధ్య గీత గీశారు. గర్భం రాకుండా చూసుకొనడం ఒకటి, వచ్చినదానిపై చేయి చేసుకొనడం మరొకటి. గర్భం పెరిగేకొద్దీ ఆ నేరం కూడా పెరుగుతుందన్నారు.

రాయలసీమ ముస్లింలలో అధికులు అనుసరించే హనఫీ మజహబ్‌లో కొందరు పూర్వులు అవయవాలు ఏర్పడక ముందు అనుమతించారు. ఖాజీఖాన్ (మరణం 1196) దీనిని ఒప్పుకొనలేదు. ఆయన తర్కం ఆలోచింపదగినది. ఇహ్రామ్‌లో ఉన్నవాడు వేటపక్షి గుడ్డును పగులగొడితే పరిహారం చెల్లించాలి, ఎందుకంటే ఆ గుడ్డే పక్షికి మూలం. అటువంటప్పుడు మనిషికి మూలమైనదాన్ని కారణం లేకుండా పాడుచేసినవారికి కనీసం పాపమైనా ఉండదా? అందువలన సరైన కారణం, అంటే ఉజ్ర్, ఉండి తీరాలన్నారు.

పాలు ఎండిన తల్లి

ఆ ఉజ్ర్ ఏమిటి? ఇబ్ను ఆబిదీన్ (మరణం 1836) తన రద్దుల్ ముహ్తార్‌లో, హనఫీ పూర్వుల నుండి గ్రహించి, ఒక ఉదాహరణ పేర్కొన్నారు. చంటిబిడ్డకు పాలిస్తున్న తల్లికి మళ్లీ గర్భం నిలిచింది, పాలు ఎండిపోయాయి. పాలిచ్చే దాదిని పెట్టుకొనే స్తోమత తండ్రికి లేదు. ఒడిలోని బిడ్డ చనిపోతుందన్న భయం ఉన్నది. అప్పుడు, పిండం తొలి దశలో ఉండగా, అది ఉజ్ర్ అవుతుంది.

ఈ ఉదాహరణను తొందరపడి చదివితే పేదరికం ఉజ్ర్ అయినట్లు కనిపిస్తుంది. నిదానంగా చూస్తే అది కాదు. ఇక్కడ ఉజ్ర్ భవిష్యత్తు గురించిన బెంగ కాదు, బ్రతికి ఉన్న బిడ్డ ప్రాణం. నెల నెలా ఖర్చు పెరుగుతుందనీ, ఆస్తి పంపకం తగ్గుతుందనీ, నలుగురు నవ్వుతారనీ చెప్పడం ఈ కోవలోకి రాదు.

ఇంకొక సంగతి కూడా ఇందులో ఇమిడి ఉన్నది. ఆ తండ్రి వద్ద దాదికి ఇవ్వవలసిన సొమ్ము ఉంటే ఉజ్ర్ మిగలదు. అంటే ఆ సొమ్ము ఎవరైనా సమకూర్చినా ఉజ్ర్ మిగలదు. పిండం నిలవడమా పోవడమా అన్నది దాది జీతం మీద ఆధారపడి ఉన్నది. నేడు దాదికి బదులు పోతపాలు, మందులు, బాలింతకు పౌష్టికాహారం అనుకొంటే మాట మారదు. ఒక పేద తల్లి ఈ స్థితికి వచ్చిందంటే ఆ చిన్న మొత్తాన్ని ఇవ్వవలసినవారు ఇవ్వలేదన్న మాట.

ఆడపిల్ల అయినప్పుడు

కొన్ని ఇళ్లలో పేదరికం పేరు చెప్పి దాచే కారణం మరొకటి ఉన్నది. అది కట్నం భయం. ఆడపిల్ల పుట్టిందని విని ముఖం నల్లబడే తండ్రిని నహ్ల్ సూరా నిందించింది. సజీవంగా పూడ్చబడిన బాలికను ఏ పాపానికి చంపారని ప్రళయదినాన ప్రశ్నించడం జరుగుతుందని తక్వీర్ సూరా హెచ్చరించింది. స్కానింగులో ఆడా మగా అన్నది సాధారణంగా తేటతెల్లమయ్యేది నాలుగో, ఐదో నెలలో. అప్పటికి ఆత్మ ఊదబడే గడువు సమీపించి గాని దాటి గాని ఉంటుంది. ఇక్కడ ఏ మజహబ్‌లోనూ సందు దొరకదు.

ఈ విషయంలో దేశచట్టం కూడా షరీఅత్‌తో ఏకీభవిస్తున్నది. 1994లో చేసి 1996 నుండి అమలు చేసిన చట్టం గర్భస్థ శిశువు లింగ నిర్ధారణను నిషేధించింది. లింగ పరీక్షకు వచ్చిన గర్భవతిని భర్తో బంధువులో బలవంతపెట్టి ఉంటారని, వేరుగా రుజువు కానంతవరకు, ఆ చట్టం భావిస్తుంది. అయినా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరేళ్ల లోపు వయసులో వెయ్యిమంది మగపిల్లలకు 2001లో 961 మంది ఆడపిల్లలుండగా 2011 నాటికి 939 మందే ఉన్నారు. కట్నం అడిగేవాడు ఈ లెక్కలో తన పాలు ఎంతో ఆలోచించుకోవాలి.

బాధ్యత ఎవరిది?

అమెరికాలో 1973లో సుప్రీంకోర్టు ఇచ్చిన గర్భవిచ్ఛిత్తి హక్కును 2022లో అదే కోర్టు రద్దు చేసింది. అక్కడి వాదం రెండు శిబిరాల మధ్య సాగుతున్నది. ఒకరు పిండం ప్రాణాన్ని, మరొకరు స్త్రీ స్వేచ్ఛను ముందుంచుతారు. షరీఅత్ ఈ రెండింటికి తోడు మూడో ప్రశ్న వేస్తుంది: పోషణ భారం ఎవరిది?

బఖరా సూరా 233వ ఆయత్ పాలిచ్చే తల్లి తిండిని, బట్టను తండ్రిపై విధించింది. తండ్రి లేకపోతే వారసునిపై అదే బాధ్యత ఉంచింది. పాలు మాన్పించడం కూడా భార్యాభర్తలు సంప్రదించుకొని చేయాలన్నది. తలాఖ్ సూరా 6వ ఆయత్ విడాకులు పొందిన స్త్రీ గర్భవతి అయితే ప్రసవించేవరకు ఆమెను పోషించమన్నది. భర్త, ఆ తర్వాత బంధువులు, వారికీ చేతకాకపోతే బైతుల్‌మాల్ - ఇదీ వరుస. ఈ వరుసలో తల్లి పేరు లేదు.

హజ్రత్ ఉమర్ (రజి) పాలనలో పాలు మానిన పిల్లలకు ఖజానా నుండి భత్యం ఇచ్చేవారు. ఒక రాత్రి మదీనా వెలుపల దిగిన బిడారానికి ఆయన కాపలా ఉండగా ఒక చంటిబిడ్డ ఏడుపు ఆగలేదు. విచారిస్తే, భత్యం కోసం ఆ తల్లి బిడ్డకు గడువుకు ముందే పాలు మాన్పిస్తున్నదని తేలింది. ఆయన ఆ తల్లిని శిక్షించలేదు. తన నియమాన్ని మార్చి, పుట్టిన ప్రతి బిడ్డకు పుట్టినప్పటి నుండే భత్యం ఉంటుందని చాటింపు వేయించారు. హిజ్రీ 18లో అరేబియాను కరువు పట్టినప్పుడు జకాత్ వసూలును వాయిదా వేసినవారూ ఆయనే. కరువులో ఆజ్ఞలు అమలయ్యే తీరుకు ఆ పాలనే నమూనా.

నేటి ప్రభుత్వ మాతృవందన పథకం మొదటి కాన్పుకు 5,000 రూపాయలు, రెండో కాన్పులో ఆడపిల్ల పుడితే 6,000 రూపాయలు ఇస్తున్నది. మూడో కాన్పుకు అది వర్తించదు. అంగన్‌వాడీ ఆహారం అందరికీ ఉన్నది, అడిగి తీసుకోవాలి. మిగిలిన లోటును తీర్చడానికే అల్లాహ్ జకాత్‌ను విధించాడు. అది చేరవలసిన ఎనిమిది వర్గాలలో నిరుపేదలున్నారు, అప్పులపాలైనవారూ ఉన్నారు. పంట పోయిన రైతు, అతని గర్భవతి అయిన భార్య రెండు విధాలా అర్హులే. పొరుగున ఉన్న ఇతర మతస్థులకు సదఖా చేయడానికి ఏ ఆటంకమూ లేదు.

గర్భం వద్దనుకొనేవారికి ముందే సరైన మార్గం ఉన్నది. ప్రవక్త (స) కాలంలో సహాబీలు అజ్ల్ పాటించేవారని హజ్రత్ జాబిర్ (రజి) తెలిపారు. దానిపై ఖియాస్ చేసి, హాని లేని తాత్కాలిక గర్భనిరోధాన్ని దంపతుల అంగీకారంతో చాలామంది ఉలమా అనుమతించారు. కాన్పుల మధ్య ఎడం పాటించడం తల్లికీ బిడ్డకూ మేలు. ఈ విషయాలు నికాహ్ సమయంలోనే నవదంపతులకు చెప్పాలి. నాటుమందులు, వైద్యుని సలహా లేకుండా కొన్న మాత్రలు ప్రాణాంతకాలు. అటువంటి ప్రమాదంలో పడిన స్త్రీని ముందు ఆసుపత్రికి చేర్చాలి, తీర్పులు తర్వాత.

మస్జిద్ కమిటీలు చేయగల పని ఒకటున్నది. జకాత్ జాబితా రాసేటప్పుడు మహల్లాలోని పేద గర్భవతుల, బాలింతల పేర్లను కూడా మహిళల ద్వారా గుట్టుగా సేకరించాలి. వారికి తొమ్మిది నెలలూ, పాలిచ్చే రెండేళ్లూ, ఎంత కావాలో లెక్క వేసి పక్కన పెట్టాలి. పేదరికానికి భయపడి బిడ్డను వదులుకోవద్దని ఒక తల్లికి చెప్పే అర్హత, ఆ లెక్క వేసినవారికే ఉంటుంది.