ఒక మెడపట్టీ పేరు చెడిన కథ

గడచిన పెండ్లి ముహూర్తాల రోజులలో మా సంఘం పంపిన పట్టుచీరలలో పన్నెండింటిని నగరంలోని ఒక దుకాణదారు తిప్పి పంపినారు. మూటతోపాటు ఇంగ్లీషులో ఒక ఉత్తరం వచ్చినది. మా చీరల అంచులు ‘టాడ్రీ’గా ఉన్నవని అందులో వ్రాసినారు. మా చదువు మెట్రిక్‌తో ఆగినది. ఆ మాట మాకు ఏ పాఠంలోనూ తగల లేదు. నిఘంటువు తీసి చూస్తే ‘చవుకబారు తళుకు’ అని అర్థం కనిపించినది. చదవగానే కోపం వచ్చినది. కాని ఆ మాట పుట్టుపూర్వోత్తరాలు వెదకగా, అది మొదట తిట్టు కాదనీ, ఆడవారు మెడకు కట్టుకొనే పట్టుపట్టీ పేరనీ తెలిసినది. మగ్గాన్ని నమ్ముకొన్న మనవంటి వారు తెలుసుకోదగిన కథ కనుక సోదర సోదరీమణుల ముందు ఉంచుతున్నాము.

ఇంగ్లండు తూర్పు భాగంలో, చిత్తడి నేలల నడుమ, ఈలీ అనే పట్టణం ఉన్నది. క్రీ.శ. 673లో ఆ ప్రాంతపు రాజుగారి కుమార్తె ఎథెల్‌డ్రెడా అక్కడ ఒక మఠం స్థాపించినది. అంత పొడుగు పేరు పలుకలేక జనం ఆమెను ఆడ్రీ అన్నారు. 679లో మెడమీద గడ్డ లేచి ఆమె మరణించినది. పడుచుతనంలో మెడనిండా హారాలు వేసుకొని మురిసినందుకు ఇది తగిన శిక్ష అని ఆమె అనుకొన్నదట. బీడ్ అనే సన్యాసి 731 నాటికి ముగించిన తన చరిత్ర గ్రంథంలో ఈ సంగతి వ్రాసినాడు.

తరువాత జనం ఆమెను పునీతగా కొలిచినారు. ఇంగ్లీషులో పునీతుల పేర్ల ముందు ‘సెయింట్’ అని చేర్చుతారు. అక్టోబరు 17న వచ్చే సెయింట్ ఆడ్రీ పండుగకు ఈలీలో తిరునాళ్లు జరిగేవి. అక్కడ అమ్మే సరుకులలో మెడకు కట్టుకొనే పట్టుపట్టీ ఒకటి. దానిని ‘సెయింట్ ఆడ్రీ లేసు’ అనేవారు. ఆ కాలంలో లేసు అంటే నేటి జాలీ అల్లిక కాదు. నాడా, పట్టీ అని అర్థం. ఆ మాటకు మూలమైన లాటిను పదానికి ఉచ్చు అని అర్థం. నగలు ధరించినందుకు నొచ్చుకొన్న స్త్రీ పేరు మీదనే మెడ అలంకారం అమ్ముడుపోవడం లోకరీతి!

ఇక ‘టాడ్రీ’ ఎట్లా వచ్చినది? రెండు మాటలు కలిపి త్వరగా పలికితే ‘సెయింటాడ్రీ’ అవుతుంది. సెయింట్ చివర ఉన్న టకారం ఆడ్రీకి అంటుకొని, ముందరి భాగం రాలిపోయినది. లండనులో సెయింట్ ఓలావ్ పేరిట ఏర్పడిన వీధి టూలీ వీధి అయినదీ ఇట్లాగే.

ఈ పట్టీ పేరు 1530 నాటి అచ్చు పుస్తకంలోనే కనిపిస్తుంది. 1611 ప్రాంతపు షేక్‌స్పియర్ నాటకం ‘ది వింటర్స్ టేల్’లో ఒక పల్లెపడుచు, టాడ్రీ లేసు కొనిపెడతానన్న మాట ఏమైనదని తన ప్రియుని అడుగుతుంది. అంటే అప్పటికది ఆడపిల్లలు కోరి అడిగే వస్తువే. ఆ తరువాత సంతలలో ఆ పేరిట నాసిరకపు తళుకు సరుకు పెరిగినది. 17వ శతాబ్దం ముగిసేలోగా ‘టాడ్రీ’ అంటే పైన మెరుగు, లోన డొల్ల అనే అర్థం స్థిరపడినది. పట్టీ పోయినది. తిట్టు మిగిలినది.

ఇది సీమదేశపు ముచ్చట, మనకెందుకు అని కొందరనవచ్చు. మన బట్టకూ ఇటువంటి గతే పట్టినది. మచిలీబందరు రేవునుండి ఓడలెక్కిన అద్దకపు నూలుబట్టలను ఇంగ్లీషువారు ‘చింట్జ్’ అన్నారు. చుక్కల బట్ట అనే అర్థం గల హిందీ మాటనుండి వచ్చిన పేరది. పటికతో రంగు పట్టించి, చిరివేరుతో తెచ్చిన ఆ ఎరుపు ఎన్ని ఉతుకులకూ వెలిసేది కాదు. అక్కడి ఉన్ని, పట్టు నేతగాండ్రు తమ పని పోతున్నదని మొరపెట్టుకొనగా, 1700లోను 1721లోను ఆ దేశపు పార్లమెంటు అటువంటి బట్టల వాడకాన్ని నిషేధిస్తూ చట్టాలు చేసినది. ఆ తరువాత అక్కడ యంత్రాల మీద అటువంటి పూలే అచ్చువేసి చవుకగా అమ్మినారు. కాలక్రమాన ‘చింట్జీ’ అనే మాటకు కూడ చవుకబారు అనే అర్థం వచ్చినది. రంగు వెలవని బట్టకు పేరు వెలిసినది!

ఇప్పుడు మా మూట సంగతి. ఉత్తరం చూచి మేము మండిపడుతుంటే, అరవై ఏండ్లు మగ్గం గుంటలో కూర్చున్న మా సంఘపు పెద్దాయన ఒక చీర తీసి అంచునుండి పోగు లాగినాడు. విప్పి చూస్తే లోపల పట్టు లేదు. నిప్పుకు చూపగా ప్లాస్టిక్కువలె ముడుచుకొన్నది. చీరకు కట్టిన చీటీ మీద మాత్రం ‘అసలు జరీ’ అని మా సంఘపు ముద్రే ఉన్నది.

“వాళ్లు ఎంత మాట అన్నారు తాతా!” అన్నాము.

“మాట వాళ్లదే నాయనా, జరీ మనది గదా!” అన్నాడాయన.

జవాబు చెప్పలేకపోయినాము. ముహూర్తాల తొందరలో, పరీక్షకు పంపకుండా, కొత్త వర్తకుని వద్ద జరీ కొన్నది మేమే. నేసినవారి తప్పు ఇందులో లేదు. వారికి ఇచ్చిన జరీనే వారు నేసినారు. అందుచేత కూలిలో ఒక్క రూపాయి కోయలేదు. నష్టం సంఘమే భరించినది. దుకాణదారుకు క్షమాపణ వ్రాసినాము.

పేరును కాపాడుకొనే సాధనాలు నేడు మనకు లేకపోలేదు. 1999 నాటి భౌగోళిక గుర్తింపు చట్టం క్రింద కంచిపట్టు, ఇల్కల్ చీర, బరంపురం పట్టు నమోదైనవి. 2004లో పట్టు ముద్ర, 2006లో చేనేత ముద్ర వచ్చినవి. మరమగ్గపు బట్టను చేనేత అని అమ్మేవారిమీద ఫిర్యాదు చేయడానికి ఇవి పనికివస్తాయి. కాని మన చేతితో మనమే అబద్ధపు చీటీ కడితే ఏ ముద్ర కాపాడగలదు?

చవుక జరీ వాడటం తప్పని మేము అనడం లేదు. లేనివారి ఇంట కూడ పెండ్లి జరుగుతుంది. ఆ పెండ్లికూతురికీ మెరిసే అంచు కావాలి. ఆమెకు చవుక చీర చవుక చీరగానే, సరియైన ధరకు అమ్ముదాము. తెలిసి కొన్నవారు మనలను నిందించరు. అసలని చెప్పి నకిలీ అంటగట్టిననాడే పేరు చెడుతుంది.

ఇకమీదట మా సంఘంలో జరీ పరీక్ష కానిదే మగ్గానికి ఇవ్వరాదనీ, ప్రతి చీటీ మీద నూలు, పట్టు, జరీ ఏ రకమో ఉన్నదున్నట్లు వ్రాయాలనీ తీర్మానించినాము. తక్కిన సంఘాల వారు కూడ ఆలోచించవలెనని మనవి. ఈలీ తిరునాళ్లలో మంచి పట్టీ నేసిన చేతులు కూడ ఉండే ఉంటాయి. వారి పనికి గుర్తుగా నేడు మిగిలినది ఆ తిట్టు ఒక్కటే.