ముంగిసను మచ్చిక చేయుట

నెల్లూరు సముద్రతీరమున, మైపాడు మొదలు దుగరాజపట్టణము వరకు, తాటితోపుల నీడను గాని సరుగుడు తోటల గట్ల వెంట గాని నడచు బాటసారికి పట్టపగలే ముంగిస కనబడుట వింత కాదు. బూడిదవన్నె ఒడలు, ఎర్రని కన్నులు, ఇంచుమించు ఒడలంత పొడవైన తోక. క్షణకాలము నిలిచి చూచి, తుప్పలలో దూరి మాయమగును. గట్టు త్రవ్వునప్పుడో, ముండ్లకంచె తొలగించునప్పుడో దాని పిల్ల యొకటి బయటపడును. బాలురు దానిని గంపలో మూసి యింటికి తెత్తురు. మొదటి దినముననే అది ఒకని వ్రేలు కొరుకును. రెండవ దినమున ఇంటివారు దానిని కొట్టుదురు. మూడవ దినము నుండి అది మరింత గట్టిగా కొరుకును.

ముంగిసను ఇంట పెంచుట ఒకప్పుడు మన దేశమున వాడుకగా నుండెను. ఎలుకలు, పాములు ఆ యింటికి చేరవని నమ్మకము. 1840వ దశకమున నెల్లూరులో సివిల్ సర్జనుగా పనిచేసిన జెర్డాన్ అను ఆంగ్లేయుడు యానాదుల వద్ద ఈ ప్రాంతపు జంతువులను, పక్షులను గూర్చి ఎంతో నేర్చుకొనెను. 1867లో వెలువడిన ఆతని క్షీరదముల గ్రంథమున ముంగిస వర్ణన కలదు. ఆంగ్లమున దీనికి గల 'మంగూస్' అను పేరు మరాఠీ నుండి వచ్చినదందురు. ఆ మరాఠీ మాటకు మూలము ద్రావిడమని చెప్పు పండితులు మన 'ముంగిస'నే సాక్ష్యముగా చూపుదురు.

ఇంతకును అది ఏల కొరుకును? కొరుకుట దానికి కోపము కాదు, ద్రోహమంతకంటె కాదు. చేతులు లేని జంతువునకు నోరే చేయి. కలుగులో తోబుట్టువులతో ఆడుకొనునప్పుడు పిల్ల కొరుకును. నొప్పి కలిగిన రెండవ పిల్ల కీచుమని యరచి ఆట మానివేయును. ఎంత గట్టిగా పట్టవచ్చునో, ఎక్కడ ఆగవలెనో పిల్లకు తెలియునది ఈ పాఠశాలలోనే. ఒంటరిగా మనిషి చేత చిక్కిన పిల్లకు ఆ చదువు సగములో నిలిచిపోవును. తరువాత గురువు మనిషియే కావలెను. అతడా, బెత్తము పట్టును!

మచ్చిక యెరిగినవారు మొదట తమ చేతిని మచ్చిక చేసికొందురు. పిల్ల వ్రేలు పట్టినప్పుడు చేతిని లాగుకొనరు. లాగినచో పారిపోవు ఎరగా తోచి పట్టు మరింత బిగియును. చేయి కదలకుండ నుంచినచో కొంతసేపటికి అదే వదలును. వెంటనే ఆట ముగించి, మాటలాడక, దానిని బుట్టలో విడిచెదరు. కొరికిన ఆట ఆగునని అది నాలుగు మారులలో కాకున్న నలుబది మారులలో గ్రహించును. పైనుండి చేయి చాచి పట్టుట తగదు, గ్రద్ద వచ్చునది పైనుండియే గదా! నిద్రించు పిల్లను ముందుగా పిలిచి, పిదప తాకవలెను. వ్రేళ్లతో తిండి అందించినచో వ్రేలే తిండియని నేర్చుకొనును. అరచేతిలో గాని చిప్పలో గాని పెట్టుట మేలు. నమలుటకు కొబ్బరిపీచు ముడి యొకటి చాలును. ఇంత చేసినను, మాంసము తినుచున్న ముంగిస దరికి ఎంత చనవున్నవాడును పోరాదు.

ఐరోపావారు పెంచు ఫెరెట్ అను జంతువు చూపునకు ముంగిసను పోలినను నీటికుక్కల కుటుంబమునకు చెందినది. కుందేళ్ల వేటకై దానికి మూతి కట్టి కలుగులలోనికి పంపుటను గూర్చి రెండువేల యేండ్ల క్రిందటనే స్ట్రాబో అను గ్రీకు పండితుడు వ్రాసెను. అన్ని తరములుగా మనిషి చేతిలో పెరిగినను ఫెరెట్ పిల్ల నేటికిని కొరుకును, దానికిని పైన చెప్పిన పాఠమే. అయినను ఒక భేదము కలదు. ఫెరెట్ తల్లియు, తల్లి తల్లియు ఇంటిలో పుట్టినవే. ముంగిస పిల్ల ప్రతిదియు అడవినుండి వచ్చినదే. ఎంత మచ్చికైనను ఆ మచ్చిక దానితోనే తీరిపోవును.

15వ శతాబ్దిలో దూబగుంట నారాయణకవి తెనిగించిన పంచతంత్రమును ఎరిగినవారికి ముంగిస కథ కొత్త కాదు. ఊయెలలోని బిడ్డను పామునుండి కాపాడిన ముంగిస మూతికి నెత్తురంటి యుండుట చూచి, బిడ్డనే చంపినదనుకొని ఇంటివారు దానిని చంపిరి. పెంచినవారును దాని నోటిని నమ్మలేకపోయిరి.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద ముంగిస రక్షిత జంతువు. దానిని పట్టి పెంచుట నేరము. చిత్రకారుల కుంచెల వెండ్రుకల కొరకు ముంగిసలను చంపుట నేటికిని ఆగలేదు. బడులలో కుంచెలు కొనువారు ఆ వెండ్రుక ఎక్కడిదో అడుగుట మంచిది. కాటును తేలికగా తీసికొనరాదు. గాయమును సబ్బుతో, పారు నీటితో పదునైదు నిమిషములు కడిగి, ఆలస్యము లేక వైద్యునివద్దకు పోవలెను. పిచ్చికుక్క కాటునకు వలెనే దీనికిని సూదిమందు అవసరము కావచ్చును.

మచ్చికైన ముంగిసను మరల తోటలో విడుచుట మరియొక చిక్కు. మనిషిని చూచి పారిపోవలెనను భయమును అది ఎప్పుడో మరచియుండును. అందువలన దొరికిన పిల్ల గాయపడినదైనచో అటవీశాఖవారికి అప్పగించవలెను. గాయము లేనిచో దొరికిన చోటనే, తుప్ప నీడను ఉంచి, కుక్కలను తోలి, దూరముగా తొలగవలెను. జనసంచారము సద్దుమణగిన పిదప తల్లి వచ్చును. బాలుని వ్రేలిని చీల్చగల ఆ పండ్లతోనే పిల్ల మెడను గీత పడకుండ కరచిపట్టి, ఇసుకమీద అడుగుల జాడ విడుచుచు మరియొక కలుగునకు మోసికొనిపోవును.