చిన్న దేశం - తీరికైన సెలవు



సెలవులకు యూరప్ వెళ్ళి రావాలన్న కోరిక ఈ రోజుల్లో మధ్యతరగతి ఇళ్ళలో కూడా వినబడుతోంది. కోరిక మంచిదే. గాని మనవాళ్ళు వేసే పథకం ఎట్లా ఉంటుందంటే, పది రోజులు, ఆరు దేశాలు! తెల్లవారగానే పెట్టెలు సర్దడం, బస్సెక్కడం, సాయంత్రం మరో ఊళ్ళో పెట్టెలు విప్పడం. ఆ పెట్టెలు సర్దేదెవరు? ఇల్లాలే గదా! ఇంట్లో చేసే చాకిరీనే విమానమెక్కి వెళ్ళి చేసినట్లవుతుంది. దానికి బదులు ఒక్క చిన్న దేశాన్ని ఎంచుకుని, ఒకే ఊళ్ళో మకాం పెట్టి, తీరిగ్గా చూసి వస్తే ఎంత హాయో ఆలోచించండి. ఉదాహరణకు స్లొవేనియా సంగతి చెబుతాను.

ఇటలీ, ఆస్ట్రియా, హంగరీ, క్రొయేషియాల నడుమ ఉన్న దేశమిది. 1991లో యుగోస్లావియా నుంచి విడివడి స్వతంత్రమైంది. విస్తీర్ణం 20,273 చదరపు కిలోమీటర్లు. అంటే మన ఉమ్మడి అనంతపురం జిల్లా కంటే కాస్త పెద్దది, అంతే. జనం సుమారు 21 లక్షలు. ఇంత చిన్న చోటే మంచుకొండలూ, సరస్సులూ, గుహలూ, సముద్రమూ అన్నీ ఉన్నాయి. రాజధాని ల్యుబ్లియానాలో గది తీసుకుంటే చాలు, ప్రొద్దున వెళ్ళి రాత్రికి తిరిగి రావచ్చు.

ముందుగా వీసా. దీనిని షెంజెన్ వీసా అంటారు. ఏ దేశంలో ఎక్కువ రోజులుంటామో ఆ దేశానికే దరఖాస్తు పెట్టాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి పెట్టుకోవచ్చు. పదిహేను రోజులకంటే ఆలస్యం కాకూడదు. 2024 జూన్ నుంచి పెద్దలకు రుసుము 90 యూరోలు. వీసా రాకపోయినా ఆ డబ్బు తిరిగి రాదు. కాబట్టి వీసా చేతికి రాకుండానే, వాపసు ఇవ్వని టికెట్లు కొనేయకండి. కనీసం 30,000 యూరోల వైద్యఖర్చులకు సరిపడే ప్రయాణ బీమా కూడా ఉండి తీరాలి. ఇది కాగితం కోసమే కాదు. అత్తగారినో, అమ్మనో వెంట తీసుకెళ్ళేవారికి అదే కొండంత అండ.

జులై, ఆగస్టుల్లో అక్కడ రద్దీ ఎక్కువ, అద్దెలూ ఎక్కువే. మన పిల్లల వేసవి సెలవుల్లో మే నెల అనుకూలంగా ఉంటుంది. అయితే వాన కోటు, స్వెట్టరు మరచిపోవద్దు.

ఇక ఎనిమిది రోజుల లెక్క చూద్దాం. రెండు రోజులు ల్యుబ్లియానాకు. పాత ఊళ్ళోకి మోటారు వాహనాలను రానివ్వరు. పిల్లల చెయ్యి వదిలేసి నిశ్చింతగా నడవవచ్చు. ఒక రోజు, 55 కిలోమీటర్ల దూరంలోని బ్లెడ్ సరస్సుకు. సరస్సు మధ్య లంకలో చర్చి ఉంది. పడవ దిగి 99 మెట్లు ఎక్కాలి. పెళ్ళికొడుకు పెళ్ళికూతుర్ని ఎత్తుకుని ఆ మెట్లన్నీ ఎక్కడం అక్కడి ఆచారమట! మోకాళ్ళ నొప్పులున్నవారు క్రిందనే కూర్చుని నీళ్ళను చూస్తూ గడపవచ్చు. ఒక రోజు పోస్టోయ్నా గుహలకు. లోపలికి 1872 నుంచీ చిన్న రైలు ఉంది. ఎండాకాలంలోనైనా గుహలో చలి పది డిగ్రీలే, శాలువా తప్పనిసరి. మరొక రోజు పెందలాడే బయల్దేరి సముద్రపుటొడ్డున ఉన్న పిరాన్‌కు. రానూ పోనూ రెండు రోజులు. మిగిలిన ఒక్క రోజును దేనికీ కేటాయించకండి. వాన పడితే ఆ రోజు అక్కరకు వస్తుంది. పడకపోతే అది మీ విశ్రాంతి రోజు.

తిండి సంగతి మనకు ముఖ్యం గదా. వంటగది ఉన్న బస తీసుకుంటే ఖర్చు కలిసి వస్తుంది. అయితే పెద్ద దుకాణాలు ఆదివారం మూసేస్తారు. శనివారం నాడే పాలు, కూరలు తెచ్చి పెట్టుకోవాలి. కుళాయి నీళ్ళు నిక్షేపంగా త్రాగవచ్చు. త్రాగునీటి హక్కును ఆ దేశం 2016లో తమ రాజ్యాంగంలోనే చేర్చుకుంది. ఒక హెచ్చరిక: మన దేశం నుంచి నెయ్యి, పాలకోవా, మాంసం పచ్చళ్ళు, పచ్చి కరివేపాకు యూరప్‌లోకి తీసుకుపోనివ్వరు. కందిపొడి, చింతపండు పులిహోర ముద్ద చాలు. అక్కడివాళ్ళు మొక్కజొన్న పిండితోనూ, బక్‌వీట్ అనే గింజల పిండితోనూ గట్టిగా ఉడికించి తినే ‘జ్గాంత్సి’ ఒకటుంది. మన సంగటికి దూరపు చుట్టమే అనుకోండి. మీద మాంసపు కొవ్వు వేస్తారు. శాకాహారులు ముందే అడిగి, వద్దని చెప్పాలి.

చివరగా ఒక్క మాట. వంటగది ఉంది గదా అని మూడు పూటలా పొయ్యి దగ్గర నిలబడకండి. ప్రొద్దుటి కాఫీ, ఉప్మా శ్రీవారికీ, అంట్లు పిల్లలకూ బయల్దేరక ముందే పంచిపెట్టండి. ఇంట్లో అందరికీ సెలవైనప్పుడు ఇల్లాలికి కూడా సెలవే. ఆ సంగతి పథకం కాగితం మీద మొదటి పంక్తిలోనే వ్రాసుకోండి.

సెలవు.