హరిద్ర, పసుపు, జరీ

మాటకు మూలం వెతకడమంటే దానికి కులం కట్టడం కాదు. ఈ సంగతి తేల్చుకోవడానికి ఆర్మూరు ప్రాంతపు పంట ఒక్కటి చాలు. రైతుకు అది పసుపు, ఉర్దూ, హిందీ మాట్లాడే వర్తకుడికి హల్దీ, పూజామంత్రంలో హరిద్ర.

హల్దీ హరిద్ర నుంచే పుట్టింది. హరిద్రలోని 'హరి' రంగును చెప్పే మాట. దాని వెనుక భాషాశాస్త్రజ్ఞులు *ఘెల్ అనే ఇండో-యూరోపియన్ ధాతువును పునర్నిర్మించారు. మెరుపు, పసుపు, ఆకుపచ్చ దాని అర్థాలు. ఆ రూపం ఏ శాసనంలోనూ దొరకలేదు గనుకనే నక్షత్రం గుర్తు. అయితే ఇది గాలిలో కట్టిన మేడ కాదు. సంస్కృత హకారానికి బదులు ఇరానీ, స్లావ్ భాషల్లో జకారం, ఇంగ్లీషులో గకారమో యకారమో క్రమం తప్పకుండా కనిపిస్తాయి. హిరణ్యం, పారశీకంలో బంగారమనే 'జర్', పసుపు రంగనే 'జర్ద్', రష్యన్ 'జోలోతో', ఇంగ్లీషు 'గోల్డ్', 'యెల్లో' అలా ఒక కుటుంబమయ్యాయి. గ్రీకులో లేతాకుపచ్చ 'ఖ్లోరోస్'; క్లోరోఫిల్ అందులోదే. మన చీరల జరీ అంచు పారశీక 'జర్' బిడ్డ.

మరి పసుపు? అది ఈ ఇంటిది కాదు. పచ్చ, పచ్చి, పసరు, పసి దాని తోబుట్టువులు. తమిళ 'పచ్చై', కన్నడ 'హసిరు' దాయాదులు. పచ్చగడ్డిలో ఆకుపచ్చ, పచ్చకామెర్లలో పసుపు. రెండు వన్నెలకూ ఒకే మాట పెట్టడంలో రెండు కుటుంబాలూ కలిశాయి. ఇది చుట్టరికానికి సాక్ష్యం కాదు. ఆకు పచ్చగా మొలిచి పచ్చగానే పండుతుంది. ఆ మార్పును చూసిన కళ్లు ఎక్కడైనా ఒకటేనని నేననుకుంటాను.

మన వ్యాకరణాలు తత్సమ తద్భవాలకు పోగా మిగిలినవాటిని దేశ్యాలన్నాయి. ఆ 'మిగిలినవాటి'కి సొంత కుటుంబముందని 1816లో ఎల్లిస్ చూపాడు. అయినా కవిత్వంలో హరిద్ర గంభీరమనీ, పసుపు నాటు అనీ తలచేవారు నేటికీ ఉన్నారు. వయసునుబట్టి, వంశాన్నిబట్టి మాటకు విలువ కట్టడం శాస్త్రం కాదు, పెత్తనం.

2019లో నిజామాబాద్ లోక్‌సభ స్థానానికి నిలిచిన 185 మందిలో అత్యధికులు రైతులు. వారు గిట్టుబాటు ధరతోపాటు అడిగింది పసుపు బోర్డు. 2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు నిజామాబాద్‌లో ప్రారంభమైంది. ఆ కోరికను ఊరూరా మోసిన మాట హరిద్ర కాదు. రచయిత ధాతువును తెలుసుకోవాలి. కాని మాటను ఎన్నుకునేటప్పుడు దాన్ని పలికే నోటిని, దాని వెనుకనున్న శ్రమను కూడా తెలుసుకోవాలి.