బలం బిళ్ళలు కలిపి మింగవచ్చునా?

దాణా సంచిలో ఖనిజ లవణ మిశ్రమం ముందే కలిసి ఉన్నదా అని అడిగి గాని, మన రైతు గేదెకు విడిగా మరికొంత వేయడు. ఇంట్లో ఆడవారు మింగే బలం బిళ్ళల దగ్గర మాత్రం ఈ విచారణ లేదు. జి. కొండూరు ప్రాంత సంఘాల తనిఖీకి వెళ్ళినప్పుడు సభ్యురాండ్రు అడిగే ప్రశ్నలను బట్టి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

గర్భవతులకు ప్రభుత్వ ఆసుపత్రులలో రెండు రకాల బిళ్ళలు ఇస్తారు. ఎర్రది ఇనుము బిళ్ళ. అందులో 60 మి.గ్రా. ఇనుము, దానితో ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. నాలుగవ నెల నుండి రోజుకొకటి చొప్పున 180 రోజులు, కాన్పు తరువాత మరి 180 రోజులు వాడాలి. రెండవది 500 మి.గ్రా. కాల్షియం బిళ్ళ, రోజుకు రెండు. రెండూ కావలసినవే. కాని రెండింటినీ ఒకేసారి నోట్లో వేసుకుంటే, కాల్షియం అడ్డుపడి ఇనుము సరిగా ఒంటబట్టదు. అది విషమేమీ కాదు, మందు వృథా. నెలల తరబడి మింగినా రక్తం పెరగలేదంటే బిళ్ళ మంచిది కాదనుకుని మానేస్తారు. కాన్పులో రక్తస్రావమైతే అప్పుడు తెలుస్తుంది నష్టం.

పాలలోనూ కాల్షియం ఉన్నది. గ్లాసెడు గేదె పాలలో 300 మి.గ్రా.కు పైమాటే. కనుక ఉదయం కేంద్రంలో పాలు పోసి వచ్చి, వేడి పాలతో ఇనుము బిళ్ళ మింగడం పనికిరాదు. టీతో అసలే వద్దు. పాలు మానమని చెప్పడం లేదు (పాల సంఘం పత్రికలో ఆ మాట ఎలా రాస్తాను?), వేళ మార్చమంటున్నాను. కాల్షియం ఉదయం ఒకటి, మధ్యాహ్నం ఒకటి, అన్నం తిన్న తరువాత. మన రాత్రి భోజనం పెరుగన్నంతో గాని ముగియదు కాబట్టి, రెండు గంటలాగి, పడుకోబోయే ముందు మంచినీళ్ళతో ఇనుము బిళ్ళ. నిమ్మరసం గాని, జామపండు గాని తోడైతే ఇనుము మరింత ఒంటబడుతుంది. థైరాయిడ్ బిళ్ళ వాడేవారు దానిని పరగడుపున వేసుకుని, ఇనుముకూ కాల్షియానికీ నాలుగు గంటల ఎడం ఇవ్వాలి.

డి విటమిన్ సంగతి వేరు. ఇక్కడ ప్రమాదమే ఉన్నది. 60,000 యూనిట్ల పొడి పొట్లం సాధారణంగా వారానికొకటి, డాక్టరు చెప్పినన్ని వారాలే. దానిని రోజూ పాలలో కలుపుకుని తాగేవారున్నారు. కాల్షియం బిళ్ళలో డి ఉంటుంది, బలం టానిక్కులోనూ ఉండవచ్చు. ఇది కొవ్వులో నిలవ ఉండే విటమిన్. మోతాదు మీరితే రక్తంలో కాల్షియం పెరిగి వాంతులు, విపరీతమైన దాహం, మలబద్ధకం కలుగుతాయి, మూత్రపిండాలు చెడతాయి. డాక్టరు దగ్గరకు వెళ్ళేటప్పుడు ఇంట్లో ఉన్న అట్టలు, సీసాలు అన్నీ సంచిలో వేసుకుని వెళ్ళి చూపండి.

ఎర్ర బిళ్ళకు పంచదార పూత ఉంటుంది. పసిపిల్లలు చాక్లెట్టనుకుంటారు. ఇనుము ఎక్కువైతే చిన్నపిల్లల ప్రాణానికే ముప్పు. మొదట వాంతులై, తరువాత తేరుకున్నట్లే కనిపించి, మళ్ళీ విషమించవచ్చు. బిడ్డ ఎన్ని మింగినదీ తెలియకపోయినా, తేరుకున్నదని ఆగక, ఖాళీ అట్ట చేతపట్టుకుని వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవలెను.