ఆలస్యంగా వచ్చిన రాముడు

ఉద్యోగం, పెళ్లి సంబంధం, పిల్లలు, వీసా, స్కానింగ్ రిపోర్టు... ఏదో ఒకదానికోసం దేవుడికి అర్జీ పెట్టుకోని ఇల్లు అరుదు. హైదరాబాద్ శివారులోని చిలుకూరు బాలాజీ గుడికి వెళ్తే అలాంటి అర్జీలన్నీ ఒకేచోట ప్రదక్షిణలు చేస్తూ కనిపిస్తాయి. కోరుకునేటప్పుడు 11, కోరిక తీరాక 108. ఈ రెంటికీ మధ్య ఎన్నాళ్లు పడుతుందో మాత్రం ఎవరూ చెప్పరు. అసలు కష్టమంతా ఆ మధ్యలోనే!

ఆ మధ్యకాలం సంగతి తెలియాలంటే గోదావరి ఒడ్డున భద్రాచలం కథ వినాలి. స్థలపురాణం ప్రకారం ఆ క్షేత్రం వెలసిందే దేవుడి ఆలస్యం వల్ల.

మేరువు కొడుకు భద్రుడు రాముడి కోసం తపస్సు చేశాడు. వనవాసంలో ఉన్న రాముడు, సీత దొరికాక మళ్లీ వస్తానని మాటిచ్చి వెళ్లిపోయాడు. సీత దొరికింది. రావణుడు చచ్చాడు. పట్టాభిషేకమూ అయిపోయింది. చివరికి అవతారమే ముగిసింది. భద్రుడి దగ్గరికి మాత్రం రాలేదు! భద్రుడు కదల్లేదు, తపస్సు మానలేదు. అప్పుడు విష్ణుమూర్తి మళ్లీ రాముడి రూపంలో వైకుంఠం నుంచి పరుగున వచ్చాడట. ఆ తొందరలో శంఖం కుడిచేతిలోకి, చక్రం ఎడమచేతిలోకి వచ్చేశాయట. ఇప్పటికీ భద్రాద్రి రాముడికి నాలుగు చేతులు. పైచేతుల్లో శంఖచక్రాలు అలా తారుమారుగానే ఉంటాయి. కింది చేతుల్లో విల్లూ బాణం, ఎడమ తొడ మీద సీతమ్మ. ఆగమాలు తెలిసినవాళ్లు ఇంకేదైనా కారణం చెప్పొచ్చుగానీ, జనానికి నచ్చింది ఇదే. ఎదురుచూసే మనిషికే కాదు, ఆలస్యం చేసిన దేవుడికీ కంగారు ఉంటుందన్నమాట.

లెక్కలడిగిన భక్తుడు

అదే కొండమీది రాముడి కోసం మరొకాయన ఎదురుచూశాడు. ఖమ్మం జిల్లా నేలకొండపల్లికి చెందిన కంచర్ల గోపన్న. మనకు భక్త రామదాసు. గోల్కొండను తానీషా ఏలిన రోజుల్లో (1672-87) పాల్వంచ పరగణాకు తహసీల్దారు. శిస్తు సొమ్ముతో గుడి కట్టించాడని చెరసాలలో వేశారు. 12 ఏళ్లు ఉన్నాడంటారు. తానీషా ఏలుబడే 15 ఏళ్లు! సుల్తాను కొలువులో చక్రం తిప్పిన అక్కన్న, మాదన్నలు గోపన్నకు మేనమామలని చెబుతారు. అంతటివాళ్లు ఉన్నా తలుపు తెరుచుకోలేదు.

గోల్కొండ కోట ఎక్కేవాళ్లకు గైడ్లు ఆ చెరను చూపిస్తారు. గోడమీది దేవుడి బొమ్మలు ఆయన చెక్కినవేనంటారు. అయితే, ఆ గదిలో ఆయన అంతా నీ దయ అంటూ కళ్లు మూసుకుని కూర్చోలేదు. నిలదీశాడు. ఏ నగకు ఎంతయిందో ఒక్కొక్కటిగా అప్పజెప్పాడు. (తహసీల్దారు కదా, లెక్కలు మర్చిపోలేదు!) కోపంలో రాముడి తండ్రినీ మామనూ పాటలోకి లాగాడు. వెంటనే, దెబ్బలకు ఓర్వలేక అన్నానని లెంపలేసుకున్నాడు. రాముడు పలక్కపోతే సీతమ్మతో సిఫార్సు చేయించబోయాడు. ఆ తగువంతా ఈనాటికీ మనం భక్తిగా పాడుకుంటున్నాం.

అందుకే, నమ్మకం ఉన్నవాళ్లు నోరెత్తకూడదనడం అన్యాయం. 'ఏది ఎప్పుడివ్వాలో దేవుడికి తెలుసు' అన్న మాట ఎదురుచూసేవాళ్లు తమకు తాము చెప్పుకుంటే ధైర్యం. అదే మాట పదేళ్లుగా పిల్లలు లేని ఇల్లాలికి పేరంటంలో ఎవరో చెబితే పుండుమీద కారం.

రామదాసు విషయంలోనూ ఆలస్యానికి ఒక కారణం వెతికారు. పూర్వజన్మలో చిలుకను పంజరంలో పెట్టిన పాపమట! చిలుక కథ ముచ్చటగానే ఉందిగానీ, కష్టంలో ఉన్నవాణ్ని చూసి 'నువ్వేదో చేసుంటావ్' అనడం మనకు ఎంత పాత అలవాటో కూడా అది చెబుతోంది.

దర్శనం ఎవరికి?

ఇక జవాబు ఎలా వచ్చిందో చూడండి. చరిత్ర పుస్తకాల సంగతి పక్కనపెడితే, భక్తులు చెప్పుకునే కథ ఇది. ఓ రాత్రి రామోజీ, లక్ష్మోజీ అనే ఇద్దరు యువకులు తానీషా పడకగదికే వచ్చి ఆరు లక్షల మొహరీలు చెల్లించారు. రసీదు రాయించుకున్నారు. దాన్ని నిద్రపోతున్న రామదాసు పక్కన పెట్టి వెళ్లిపోయారు. ఏళ్ల తరబడి పిలిచినవాడికి విడుదల దొరికింది, దర్శనం దొరకలేదు. ఒక్కసారైనా పిలవని సుల్తానుకు రాముడు కళ్లెదుట నిలిచాడు. ఆ సంగతి తెలిసి రామదాసు ఏడ్చాడంటారు. చెర వదిలిందన్న సంతోషంకంటే ఆ దుఃఖమే పెద్దదట.

1687లో ఔరంగజేబు సేనలకు గోల్కొండ చిక్కింది. తానీషాను దౌలతాబాద్ కోటలో బంధించారు. ఆయన కోసం డబ్బు కట్టడానికి ఎవరూ రాలేదు. ఖైదీగానే కన్నుమూశాడు. శ్రీరామనవమి కల్యాణానికి ప్రభుత్వం తరఫున ముత్యాల తలంబ్రాలు పంపే ఆనవాయితీ మాత్రం ఆయన పెట్టిందేనంటారు. ఇక చెరలో రామదాసు లెక్క చెప్పిన నగలు... అవి ఇవేనని భద్రాచలం గుడిలో ఇప్పటికీ చూపిస్తారు.